దింపని గంప

గంజాం పట్నానికి దిగువన, ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న జాలరిపేటలో, ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే జబ్బు వచ్చింది. మొగుడికి వచ్చినప్పుడు పేటంతా చూసింది. పెళ్లానికి వచ్చింది ఎంత ముదిరిందో చాలాకాలం పెళ్లానికి తప్ప ఎవరికీ తెలియదు.

ముందు మొగుడి సంగతే చెప్పుకోవాలి. ఆ ఇంట్లో ఏదైనా ముందు అతనికే జరుగుతుంది మరి.

నాలుగేళ్ల కిందట ఒక పొద్దున పోతయ్య వల లాగుతూ లాగుతూ ఇసకలో చతికిలబడ్డాడు. గుండె పట్టుకుని, "ఊపిరాడ్డం నేదురా" అన్నాడు. అంతే, పదిమంది మగాళ్లు వల వదిలేసి అతన్ని చేతుల మీద మోసుకొచ్చి ఆటోలో వేసి బరంపురం తీసుకుపోయారు. గుండెలోంచి రక్తం బయటికి పోయే దారిలో ఉన్న వాల్వు సున్నం పట్టి బిగుసుకుపోయిందన్నారు. ఆరు నెలలు తిరగకుండా ఛాతీ కోసి, పాతది తీసి, లోహపు వాల్వు పెట్టారు. ఆరోగ్య కార్డు ఉంది కాబట్టి డబ్బు మాట రాలేదు. ఆసుపత్రి కాగితంలో 'తోడు ఉండేవారి పేరు' అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో పెళ్లాం కాసమ్మ పేరు ఎవరూ ఆమెని అడక్కుండానే రాసేశారు. ఆమె కూడా అడగాల్సిన విషయం అనుకోలేదు. ఇరవై రెండు రోజులు అతని మంచం కింద చాప మీద పడుకుంది.

ఆ రోజు నుంచీ పోతయ్య గుండె పైకి వినబడుతుంది. ఇల్లు సద్దుమణిగితే టిక్కు టిక్కుమని గోడ గడియారంలా కొట్టుకుంటుంది. దాని మీద అతనికి గర్వం కూడాను. చుట్టాలొస్తే చొక్కా గుండీ విప్పి, "సెవెట్టి ఇను" అంటాడు. రక్తం పల్చబడే మాత్ర రోజూ ఒకే వేళకి పడాలి. నెలకోసారి బరంపురం వెళ్లి రక్తం పరీక్ష చేయించాలి. మాత్ర పని చెడుతుందని ఆకుకూర ఒక వారం ఎక్కువా ఒక వారం తక్కువా కాకూడదు. చిన్న గాయమైనా రక్తం ఆగదని వేట మానేశాడు. ఇంటి అరుగు మీద కూర్చుని వలలు అల్లుతాడు. కొడుకు అర్జున్ మంగళూరు బోట్లలో పని చేస్తాడు, ఏడాదికోసారి వస్తాడు. ఇక ఆ మాత్ర, ఆ పరీక్ష, ఆ ఆకుకూర ఎవరి నెత్తిన పడ్డాయో వేరే చెప్పక్కర్లేదు. కాసమ్మకి ఒక పసుపు గుడ్డసంచీ ఉంది. ఆమెకి అక్షరం ముక్క రాదు గాని, మొగుడి కాగితాల్లో ఏది కావాలన్నా ఆ సంచీలోంచి చూడకుండా తీసి ఇస్తుంది.

ఇప్పుడు గంప సంగతి.

ఒడ్డున చేపలు గంపకెత్తాక ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్కా పట్టుకుని వాళ్లలో ఒకరి నెత్తి మీద, చుట్టకుదురు మీద పెడతారు. ఒక్కరి వల్ల కాదు. "ఒక సెయ్యెయ్యే" అని పిలిస్తే పక్కనున్న ఆడది వచ్చి చెయ్యి వేస్తుంది. మగాళ్లు వెయ్యరు. వల దాకా, పడవ దాకా వాళ్ల పని. పెళ్లాం గంప మీద చెయ్యి వేసిన మగాడిని పేటలో నెల రోజులు ఆడిపోసుకుంటారు. అక్కడి నుంచి గంజాం బజారు రెండున్నర కిలోమీటర్లు. నీసు నీళ్లు కారతాయని ఆటోవాడు ఎక్కించుకోడు. మధ్యదారిలో గంప దింపితే మళ్లీ ఎత్తడానికి చెయ్యి కావాలి, చేపల గంప ముట్టుకునే బాటసారి ఎక్కడ దొరుకుతాడు? అందుకని దింపరు. దారిలో గంప దింపిందన్న మాట బయటికి పొక్కితే ఆ మనిషి పని అయిపోయినట్టే లెక్క. వారం తిరక్కుండా ఆమె రోజూ చేపలిచ్చే వాడిక ఇళ్లకి ఇంకొకత్తె వెళ్తుంది. ముప్ఫై ఏడేళ్లలో కాసమ్మ ఒక్కసారి కూడా దింపలేదు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోదు. చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా అందరికీ తెలుసు.

రెండేళ్ల కిందట మొగుడి పరీక్షకని వెళ్లినప్పుడు, క్లినిక్ మెట్లెక్కి రొప్పుతున్న కాసమ్మని డాక్టర్ పూర్ణచంద్ర చూశాడు. ఆయన బరంపురంలోనే పుట్టి పెరిగిన ఒడియా మనిషి. తెలుగువాళ్లతో తెలుగే మాట్లాడతాడు. "నువ్వూ కూర్చో మౌసీ" అని, ఒడియాలో పిన్నమ్మని పిలిచినట్టు పిలిచి, ఆమె గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు, ముఖం చిట్లించాడు, గుండె లోపల చూపే ఎకో పరీక్ష చేయించాడు. నీకూ అదే వాల్వు బిగుస్తోంది అన్నాడు. ఆ బిగుతు ఎంతో ఎకోలో ఒక అంకె చెబుతుందట.

"ఆపరేషన్‌కి ముందు మీ ఆయన అంకె యాభై రెండు. నీది ముప్ఫై రెండే. నలభై దాటితే అప్పుడు ఆలోచిద్దాం. అది సరే, నడుస్తుంటే ఆయాసమొచ్చి మధ్యలో కూర్చుంటావా?"

"కూకోను బాబూ."

"ఒక్కసారి కూడా?"

"గంపెత్తుకున్నాక బజార్లో దింపడవే. దారిలో కూకోడవన్నది నాకు తెల్దు."

పక్క కుర్చీలోంచి పోతయ్య అందుకున్నాడు. "దానికేటి సారూ, గుర్రవది."

డాక్టరు నవ్వి కాగితం మీద రాశాడు. ఏమి రాశారని బయటికొచ్చాక ఎకో గదిలో పనిచేసే అమ్మాయిని అడిగితే చదివి చెప్పింది. బాధలేవీ లేవు, ఏడాది తర్వాత రావాలి, అని ఉందట. కాసమ్మకి కాస్త సంబరం కూడా వేసింది. ఎవరో మెచ్చుకున్నట్టు అనిపించింది.

ఆమె అబద్ధం ఆడలేదు, అదే తమాషా. అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పింది. కూర్చోడానికి బదులు ఏం చేస్తున్నావు అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి బోలెడుంది. ఇరవై కిలోల గంప పదిహేనుకి దించింది. పదిహేను పన్నెండయింది. బిందెతో తెచ్చే నీళ్లు చెంబుతో తెస్తోంది. బట్టలు రెండు విడతలుగా ఉతుకుతోంది. ఛాతీ బిగిస్తే గ్యాస్ అనుకుని వాము నమిలింది. మొగుడు ఇసకలో కూలబడేముందు ఏయే గుర్తులు కనబడ్డాయో ఆమెకి వేళ్ల మీద లెక్క. ఒక్కొక్కటే తన ఒంట్లోకి వస్తుంటే గుర్తు పడుతూనే ఉంది. గుర్తుపట్టి ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు. ఆమె పడితే అతని మాత్ర ఆగుతుంది, అతని మాత్ర ఆగితే ఆ లోహపు వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది. డాక్టరు ఆ మాట చెప్పింది ఆమెకే, అతనికి కాదు. ఎటు తిరిగినా గోడే.

రెండో ఏడు అంకె ముప్ఫై నాలుగు. అదే ప్రశ్న, అదే జవాబు, అదే నవ్వు.

ఈ కార్తీకంలో ఒక పొద్దున, రోడ్డు మలుపులో కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి కాసమ్మ కళ్ల ముందు చీకటి కమ్మింది. మబ్బు పట్టినట్టు కాదు, దీపం ఆర్పినట్టు. చచ్చిపోతున్నానేమో అన్న ఆలోచన రాలేదు. గంప పడిపోతుందేమో అన్న భయమే వచ్చింది. మెడ నిటారుగా పెట్టి, కాళ్లకి తెలిసిన దారే కదా అని నడిచింది. దారి తప్పి రోడ్డు మధ్యకి వెళ్లిపోయింది. లారీ హారన్ వినబడింది. వెనకాల వస్తున్న సీతాలు పరుగున వచ్చి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. ఈ సీతాలు ఆమెకి వరసకి చెల్లెలు. ముప్ఫై ఏళ్లుగా ఇద్దరూ ఒకరి గంప ఒకరు ఎత్తుకుంటున్నవాళ్లే.

"ఓలప్పా, ఏటైందే నీకు? పెదాలు నీలవైపోనాయి. దింపు. నాను సెయ్యేస్తాను."

చూపు మెల్లగా తేరుకుంటోంది. కాసమ్మ ఆమె వైపు చూసింది.

"నీ నెత్తి మీదా గంపుంది గదే. నువ్వెలగేస్తావు?"

సీతాలు ఆమె మోచెయ్యి వదల్లేదు. ఇద్దరూ బజారు దాకా నడిచారు. బజార్లో గంపలు దించాక సీతాలు పోతయ్య మాట ఎత్తి గట్టిగా అంది.

"మావకి సెప్పు."

"సెప్తే ఆడేటి సేస్తాడు? భయపడతాడు. ఆడి భయం మల్లీ నానే మొయ్యాల."

"డాట్రుకైనా సెప్పు మరి."

"ఆ బాబు అడిగిందానికి సెప్తన్నాను గదే" అంది కాసమ్మ. అనేసరికి ఆమెకే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

మార్గశిరంలో మూడో ఏటి పరీక్షకి వెళ్లారు. ఎకో గదిలో ఆ అమ్మాయే ఉంది. సాయిసుధ అని, బరంపురం కిరాణా వర్తకుల ఇంటి పిల్ల. అంకె ముప్ఫై ఐదు. ఈసారి కొత్తగా నడక పరీక్ష కూడా పెట్టారు. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూపే చిన్న క్లిప్పు వేలికి తగిలించి, వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకి ఆరు నిమిషాలు నడవమన్నారు. అలసటొస్తే ఆగొచ్చు, కుర్చీలున్నాయి, కూర్చోవచ్చు అంది సుధ.

కాసమ్మ నడిచింది. తల కదపకుండా, మెడ తిప్పకుండా, చేతులు పక్కన వేలాడేసి నడిచింది. నాలుగో నిమిషానికి ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వాటి పక్కనుంచే వెళ్లింది. మొగుడు బెంచీ మీద కూర్చుని పక్కాయనకి గుండె చప్పుడు వినిపిస్తున్నాడు. ఆరు నిమిషాలూ అయ్యాయి. ఆమె కూర్చోలేదు.

సుధ ఆ క్లిప్పు మీది అంకె చూసింది, తర్వాత కాసమ్మ పెదాలు చూసింది. పోతయ్య దగ్గరికి వెళ్లి, "మీ రక్తం పరీక్షకి కింద పిలుస్తున్నారండీ" అని పంపేసింది. అంత తొందరేమీ లేదని కాసమ్మకి తెలుసు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను. మా ఇంట్లో చేపలు తినరు. మా వీధిలోకి చేపలమ్మేవాళ్లు ఆగకుండా వెళ్లిపోయేవారు. అందుకని నాకు తెలియక అడుగుతున్నాను. అంత బరువు ఎత్తుకున్నాక అలిసిపోతే మధ్యలో ఎలాగ దింపుతారు?"

"దింపం తల్లీ. దింపితే ఎత్తడానికి ఒకలుండాల గదా."

"ఆయాసం వస్తే?"

"ఒస్తాది. నడుస్తాం."

"ఇప్పుడు నడిచినట్టా?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఈ పిల్ల. చెప్పేస్తే ఏమవుతుందో అన్న దిగులు కాసమ్మని పట్టుకుంది. ఒకసారి చెప్పాక మళ్లీ వెనక్కి తీసుకోవడం కుదరదు. వాడిక ఇళ్లు పోతాయి, మాత్ర ఎవరిస్తారు, నెల పరీక్షకి ఎవరు తీసుకొస్తారు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కింది నుంచి మెట్ల మీద టిక్కు టిక్కుమని వినబడింది, లేక ఆమెకే అలా అనిపించిందో.

"కార్తీకంలో కల్లు కనపడ్నేదమ్మా" అంది గబగబా. "గంప నెత్తినే ఉంది. ఇరవై అడుగులు గుడ్డిగా నడిసినాను. అదొక్కసారే కాదు."

పోతయ్య వచ్చేసరికి సుధ లోపల డాక్టరుతో మాట్లాడుతోంది. డాక్టరు స్కాను రాశాడు. వాల్వుకి ఎంత సున్నం పట్టిందో అది లెక్క తేలుస్తుందట. అది తీయించుకుని వారం తర్వాత రమ్మన్నారు.

ఆ వారం ఎలా గడిచిందని అడిగితే కాసమ్మ గంపలు మోస్తూ గడిపిందనే చెప్పాలి.

వారం తర్వాత డాక్టర్ పూర్ణచంద్ర నవ్వలేదు. ఎకో కాగితం, స్కాను కాగితం పక్కపక్కన పెట్టుకుని మళ్లీ చదివాడు. సుధ తలుపు దగ్గర నిలబడింది.

"మౌసీ, ఇందులో నా పొరపాటుంది. నీ అంకె మీ ఆయన అంకె పక్కన పెట్టి చూశాను. నువ్వు చిన్న మనిషివి, నీ గుండె చిన్నది. ఒక్కోసారి వాల్వు పూర్తిగా బిగుసుకున్నా అంకె చిన్నగానే కనబడుతుంది. ఈ సున్నం లెక్క మగవాళ్లకయితే రెండు వేలు దాటాలి. ఆడవాళ్లకి పన్నెండొందలు దాటితే చాలు. నీది పదిహేడొందలు. మార్చాలి. ఈ నెలలోనే మార్చాలి."

"ఆజ్ఞా" అంది కాసమ్మ, పెద్దవాళ్ల మాటకి ఒడియాలో అనే మాట. ఒక్కసారిగా ఒళ్లు తేలికైంది, వెంటనే బరువెక్కింది. ఎందుకంటే పోతయ్య ముందుకి జరిగాడు.

"ఈ నెలా? ఈ నెల ఎలగవద్ది సారూ. నా మాత్రలెవలు సూత్తారు? ఏప్రిల్లో ఎలాగా వేట ఆపేత్తారు, రెండు నెల్లు సేపలుండవు. అప్పుడైతే అర్జున్ కూడా ఒత్తాడు. నాలుగు నెల్లే గదా."

"నాలుగు నెలలు ఆగదు."

"ఆగదంటారేటి? ఇది నిన్న గూడా బజారుకెల్లింది. రెండేళ్ల బట్టీ ఒక్కపాలి కూకోనేదు, ఒక్కపాలి పడిపోనేదు. ఏ బాధా నేదని మీరే గదా రాసినారు." అతను పసుపు సంచీ లాక్కుని పాత కాగితం కోసం వెతికాడు. ఎక్కడుందో అతనికి తెలియదు. "ఓలే, ఆ కాయితం తియ్యి" అన్నాడు.

అతనిలో చెడ్డతనం లేదు. భయపడుతున్నాడు, అంతే. భయంలో అతను మాట్లాడేవన్నీ నిజాలే, అదే కాసమ్మకి ఊపిరాడనివ్వలేదు. తను గొప్పగా చెప్పిన మాటలే ఇప్పుడు నాలుగు పక్కలా తలుపులు మూసి నిలబడ్డాయి. అలవాటు ప్రకారం చెయ్యి సంచీలోకి వెళ్లింది. కాగితం చూడకుండానే దొరికింది. బయటికి తీసింది గాని అతనికి ఇవ్వలేదు, డాక్టరు బల్ల మీద పెట్టింది.

"ఇది తప్పు బాబూ. మీరు తప్పు రాయినేదు, నానే తప్పు సెప్పినాను. కూకోనని సెప్పినాను. కూకుంటే లేపీవోలు నేరు, అందుకని కూకోనేదు. బాగుండి కాదు."

పోతయ్య గుండె చప్పుడు అందరికీ వినబడుతోంది.

డాక్టరు మెల్లగా అంగీకార పత్రం ముందుకి జరిపాడు. "దీని మీద నీ వేలిముద్ర చాలు మౌసీ. ఇంకెవరిదీ అక్కర్లేదు."

సుధ సిరా పెట్టె తెచ్చింది. కాసమ్మ బొటనవేలు అద్ది, ఆమె చూపించిన చోట గట్టిగా నొక్కింది. నాలుగేళ్ల కిందట మొగుడి కాగితం మీద నొక్కినదీ ఈ వేలే.

"తోడు ఉండేవారి పేరు?" అంది సుధ, కింది గడి మీద కలం పెట్టి.

పోతయ్య కిటికీ వైపు చూశాడు. "సీతాలుని రమ్మందారి" అన్నాడు.

"సీతాలు నెత్తి మీదా గంపుంది" అంది కాసమ్మ.

ఆమె లేచి పసుపు సంచీ తీసింది. అందులో అతని కాగితాలు, అతని మాత్రలు, అతని నీళ్ల సీసా ఉన్నాయి. తీసుకెళ్లి అతని కాళ్ల దగ్గర నేల మీద దింపింది. ముప్ఫై ఏడేళ్లుగా పేటలో ప్రతి ఆడదానితోనూ అన్న మాటే, అతనితో ఎప్పుడూ అననిది, అంది.

"మావా, ఒక సెయ్యెయ్యి."

పోతయ్య సంచీ వైపు చూశాడు, ఆమె వేలికంటిన సిరా వైపు చూశాడు. చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. సుధ వంగి సంచీ తియ్యబోయింది.

"నువ్వొద్దు తల్లీ" అంది కాసమ్మ.

కలం గడి మీద ఆగి ఉంది. కాసమ్మ వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. అందరి ఎదుటా నోరు తెరిచి, ఎంత కావాలో అంత రొప్పింది. రొప్పుతూనే అతని చేతుల కోసం ఎదురు చూసింది.